హాలోజన్ తీసి ఎల్‌ఈడీ పెట్టడం: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి డిమ్మర్ దాకా

"హాలోజన్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాం. కొన్ని మినుకుమినుకుమంటున్నాయి, ఒకటి అప్పుడే పోయింది. నాసిరకం బల్బులు అంటగట్టారా?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. స్విచ్చుకీ బల్బుకీ మధ్య, హాలోజన్ల కోసం ఎప్పుడో బిగించిన, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరో, వెలుగు తగ్గించే డిమ్మరో అలాగే ఉండిపోతుంది. 50 వాట్ల లోడు కోసం తయారైన సరంజామాకు 5 వాట్ల దీపం తగిలిస్తే అది సరిగ్గా పనిచేయదు.

అందుకే ఇందులో బల్బు కొనడం నాలుగో అంకెలో వస్తుంది. వరస తప్పకుండా వెళ్తే ఒకటికి రెండుసార్లు కొనే పని తప్పుతుంది.

1. ముందు లెక్క రాసుకోండి

కాగితం పట్టుకుని గదిగదికీ తిరగండి. ఒక్కో దీపానికి ఇవి రాయాలి:

☐ బల్బు మీద అచ్చయిన వోల్టులు, వాట్లు
☐ కాళ్ల రకం (కింద చూడండి)
☐ ఒక స్విచ్చు కింద ఎన్ని దీపాలు ఉన్నాయి
☐ డిమ్మర్ గానీ, మనిషి కదిలితే వెలిగించే సెన్సర్ గానీ ఉందా
☐ దీపం చుట్టూ గాలి ఆడుతుందా, గాజుతో మూసేశారా
☐ రోజుకు సుమారు ఎన్ని గంటలు వెలుగుతుంది

కాళ్ల రకం పోల్చుకోవడం తేలికే. జీయూ10 అంటే చివర్లు బొడిపెల్లా లావుగా ఉన్న రెండు కాళ్లు, దూర్చి తిప్పి బిగిస్తారు. ఇది నేరుగా మెయిన్స్ కరెంటు (ఇంటి లైనులో వచ్చే మామూలు కరెంటు) మీద వెలుగుతుంది. జీయూ5.3 అంటే సన్నటి సూదుల్లాంటి రెండు కాళ్లు, నొక్కితే దిగుతాయి. ఎంఆర్16 అని అడిగి కొనేది సాధారణంగా ఇదే, ఇది 12 వోల్టులది. అంతకన్నా చిన్న గొట్టంలా ఉండే జీ4 కూడా 12 వోల్టులే. కాళ్లు తీగను మడిచినట్టు ఉంగరాల్లా ఉంటే జీ9, అది మెయిన్స్‌ది. రెండు చివరలా పట్టుకునే పొడవాటి కడ్డీ ఆర్7ఎస్, 78 లేదా 118 మిల్లీమీటర్ల పొడవు. జీ రకాల్లో ఆ అంకె కాళ్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అనుమానం వస్తే స్కేలు పెట్టి కొలవండి.

జీయూ10, జీయూ5.3 ఎదురుగా చూస్తే కవలల్లా ఉంటాయి. బల్బు తీసి వెనక కాళ్లు చూశాకే కాగితం మీద రాయండి.

2. చెయ్యి పెట్టేముందు

వెలుగుతున్న హాలోజన్ గాజు గొట్టం వేడి 250 డిగ్రీల సెల్సియస్ దాటే ఉంటుంది. ఆర్పిన వెంటనే ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. కనీసం పావుగంట ఆగండి.

స్విచ్చు ఆపితే సరిపోదు. కొన్ని వైరింగుల్లో స్విచ్చు పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) మీద పడి ఉంటుంది. అప్పుడు దీపం ఆరినా హోల్డర్‌లో ఫేజు (కరెంటు తెచ్చే వైరు) బతికే ఉంటుంది. కాబట్టి ఆ లైను ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైను కరెంటు తెంచే స్విచ్చు) దించండి, ఇంకెవరూ ఎత్తకుండా అక్కడ ఒక చీటీ అంటించండి. తర్వాత హోల్డర్‌లో కరెంటు లేదని చూసుకోండి. టెస్టర్‌తో అయితే ముందు కరెంటు ఉన్న ఒక ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని తేల్చుకున్నాకే దాని మాట నమ్మండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 12 వోల్టుల వైపు టెస్టర్ వెలగదు. అది వెలగలేదని ధైర్యం చేసి ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకుంటే, దాని రెండో వైపు మెయిన్స్ కరెంటు ఉంటుంది.

బల్బు మార్చడం ఎవరైనా చేసుకోవచ్చు. వైరు విప్పాల్సి వస్తే మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చాలా దేశాల్లో ఆ పని లైసెన్సు ఉన్నవారే చేయాలని నియమం కూడా ఉంది.

3. 12 వోల్టుల దీపాలు: ట్రాన్స్‌ఫార్మర్‌ను వెతకండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మీ దగ్గర ఉన్నవన్నీ జీయూ10, జీ9 అయితే నాలుగో అంకెకు వెళ్లిపోండి.

బల్బు పక్కకు తీసి, దీపం చట్రాన్ని స్ప్రింగులు మడిచి మెల్లగా కిందికి లాగితే సీలింగ్ రంధ్రంలోంచి వైరు కనిపిస్తుంది. దాని వెంట చెయ్యి పోనిస్తే ఒక పెట్టె తగులుతుంది. అరచేతిలో ఇమిడే తేలికపాటి ప్లాస్టిక్ పెట్టె అయితే అది ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్. ఇటుక ముక్కలా బరువుగా, ఇనుప రేకులతో ఉంటే పాతకాలపు అయస్కాంత ట్రాన్స్‌ఫార్మర్.

ఎలక్ట్రానిక్ దాని లేబుల్ జాగ్రత్తగా చదవండి. "20-60 వీఏ" లాంటిది రాసి ఉంటుంది (వీఏ అంటే వోల్ట్-ఆంపియర్, ఇక్కడ వాట్లలాగే చూడవచ్చు). వెనక ఉన్న 60 గరిష్ఠ లోడు, ముందున్న 20 కనిష్ఠ లోడు. అంతకన్నా తక్కువ లోడు పడితే అది నిలకడగా పనిచేయదు. 50 వాట్ల హాలోజన్ తీసి 6 వాట్ల ఎల్‌ఈడీ పెట్టగానే ఆ కనిష్ఠం కిందికి పడిపోతాం. ట్రాన్స్‌ఫార్మర్ వెలిగించబోయి ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మనకు కనిపించే మినుకు అదే. పైగా ఈ పెట్టె ఇచ్చేది సెకనుకు వేల సార్లు దిశ మారే కరెంటు. బల్బులో ఉన్న చిన్న సర్క్యూట్ దాన్ని తట్టుకోలేక త్వరగా పోవచ్చు కూడా.

ఇందులో ఒక మాయ ఉంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు దీపాలుంటే, రెండు మార్చి ఒక హాలోజన్ ఉంచినప్పుడు అంతా బాగానే వెలుగుతుంది. ఆ మిగిలిన హాలోజన్ ఒక్కటే కనిష్ఠ లోడు మోస్తూ ఉంటుంది. అది కాలిపోయిన రోజు మిగతా రెండూ మినుకుమనడం మొదలెడతాయి. అప్పుడు అందరూ ఎల్‌ఈడీలనే తిడతారు.

మీ ముందున్న దారులు మూడు:

అ) ట్రాన్స్‌ఫార్మర్ తీసి ఎల్‌ఈడీ డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగిన కరెంటు ఇచ్చే పెట్టె) పెట్టడం. నేను ముందుగా చెప్పేది ఇదే. 12 వోల్టుల స్థిర వోల్టేజీ డ్రైవర్ తీసుకోండి. దీపాల వాట్లన్నీ కలిపి, పైన ఐదో వంతు వదులుగా ఉంచండి. 6 వాట్లవి మూడు అంటే 18, కాబట్టి 22 వాట్లకు తగ్గని డ్రైవర్. ఎల్‌ఈడీ మీద ఏసీ, డీసీ రెంటికీ పనికొస్తుందని రాసి ఉండాలి. స్థిర కరెంటు డ్రైవర్లు వేరే రకం, అవి ఇక్కడ పనికిరావు.

ఆ) పాత అయస్కాంత ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉంచుకోవడం. దానికి కనిష్ఠ లోడు గొడవ పెద్దగా లేదు, చాలా ఎల్‌ఈడీలు దాని మీద వెలుగుతాయి. కానీ లోడు తగ్గేసరికి వోల్టేజీ 12 దాటి పైకి పోతుంది. పెట్టె వేడెక్కడమూ, గుయ్‌మనడమూ ఆగదు. కొన్నాళ్లు నడిపించుకోవచ్చు, అంతే.

ఇ) మెయిన్స్ జీయూ10కు మార్చేయడం. హోల్డర్ ఒక్కటి మార్చి పాత చట్రంలోనే మెయిన్స్ ఇవ్వడం ప్రమాదం. 12 వోల్టుల చట్రాలకు ఎర్తు ఉండకపోవచ్చు, లోపలి వైరు తొడుగు మెయిన్స్‌కు తగినది కాకపోవచ్చు. ఈ దారిన వెళ్లేవారు చట్రంతో సహా మార్చాలి.

పైన చెయ్యి పెట్టినప్పుడే హోల్డర్‌నూ చూడండి. 12 వోల్టుల మీద 50 వాట్లంటే నాలుగు ఆంపియర్లకు పైగా కరెంటు. అంత కరెంటు ఏళ్ల తరబడి ఆ రెండు సన్న రంధ్రాల గుండా పోయి స్ప్రింగు పట్టు వదిలేస్తుంది. పట్టు వదిలితే అక్కడ ఇంకా వేడి పుడుతుంది. తెల్లటి పింగాణీ గోధుమరంగుకు తిరగడం, వైరు తొడుగు వంచితే పెళుసుగా విరిగి రాలడం, లోపలి రాగి నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ హోల్డర్‌నూ ఆ వైరు ముక్కనూ మార్చేయండి. కొత్త ఎల్‌ఈడీ తక్కువ కరెంటే లాగుతుంది, నిజమే. కానీ తొడుగు ఊడిన వైరు తొడుగు ఊడిన వైరే.

4. కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి

ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుగు కొలత. సుమారు లెక్కలు ఇవి (పాత హాలోజన్, దాని వెలుగు, దానికి సరిపోయే ఎల్‌ఈడీ):

• జీయూ10, 35 వాట్లు: 200-250 ల్యూమెన్లు, ఎల్‌ఈడీ 3-4 వాట్లు
• జీయూ10, 50 వాట్లు: 350-400 ల్యూమెన్లు, ఎల్‌ఈడీ 4-6 వాట్లు
• ఎంఆర్16, 50 వాట్లు: 500కు పైగా ల్యూమెన్లు, ఎల్‌ఈడీ 6-8 వాట్లు
• జీ4, 20 వాట్లు: 300 ల్యూమెన్లు, ఎల్‌ఈడీ 2-3 వాట్లు
• జీ9, 40 వాట్లు: 450-500 ల్యూమెన్లు, ఎల్‌ఈడీ 4-5 వాట్లు

12 వోల్టుల హాలోజన్ అదే వాట్ల మెయిన్స్ హాలోజన్ కన్నా ఎక్కువ వెలుగిస్తుంది. ఎంఆర్16 చోట తక్కువ ల్యూమెన్లది పెట్టి గది మసకబారిందనుకునేవారు ఇది గమనించరు.

రంగు విషయంలో మీ కంటికి అలవాటైన హాలోజన్ వెలుగు 2700-3000 కెల్విన్. ఇంట్లో 2700 లేదా 3000 తీసుకుంటే తేడా తెలియదు. 4000 వంటగట్టు మీద, పని బల్ల మీద బాగుంటుంది. 6500 నీలి తెలుపు. పడకగదిలో అది పెట్టించుకున్నవారు ఎక్కువ మంది మళ్లీ మార్పించుకుంటారు.

సీఆర్‌ఐ అనే అంకె వస్తువుల రంగు ఎంత సహజంగా కనిపిస్తుందో చెబుతుంది. హాలోజన్‌ది దాదాపు 100. సాధారణ ఎల్‌ఈడీలది 80. అద్దం ముందు, బట్టల అలమర దగ్గర, భోజనాల బల్ల మీద 90 దాటినవే తీసుకోండి. సీఆర్‌ఐ 80 ఉన్న వెలుగులో ముఖం రంగు, ఎరుపు బట్టలు పాలిపోయి కనిపిస్తాయి.

వెలుగు విచ్చుకునే కోణం చూడటం చాలామంది మరిచిపోతారు. హాలోజన్ స్పాట్‌లది ఎక్కువగా 36 డిగ్రీలు. గోడ మీద బొమ్మకు వేసిన స్పాట్‌కు అదే ఉంచండి. గదంతా వెలగాలంటే 60 తీసుకోండి.

ఇంకా చూడాల్సినవి:

☐ పొడవు, లావు కొలతలు. జీ9, జీ4 ఎల్‌ఈడీలు పాతవాటి కన్నా లావుగా ఉంటాయి, గాజు డిప్ప మూత పడకపోవచ్చు
☐ మూసి ఉన్న చట్రమైతే, అలాంటివాటిలో వాడవచ్చని పెట్టె మీద ఉందా
☐ డిమ్మర్ ఉంటే, డిమ్ అయ్యే రకమేనా
☐ స్నానాల గది అయితే చట్రానికి ఐపీ44 (దుమ్ము, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే అంకె), నీళ్లు నేరుగా పడేచోట ఐపీ65

మూసిన చట్రం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎల్‌ఈడీ ముందువైపు వేడి చిమ్మదు, కానీ వెనకవైపు లోహపు భాగం వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. పెట్టె మీద 15,000 గంటలు అని ఉన్నది ముందే పోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

5. ఒక స్విచ్చు కిందివి పెట్టి చూసి, ఆపైన మిగతావి కొనండి

అన్నీ ఒకేసారి కొనకండి. ఒక స్విచ్చు కింద ఉన్న దీపాలు మాత్రం తెచ్చి, వాటన్నిటినీ ఒకేసారి మార్చండి. సగం హాలోజన్, సగం ఎల్‌ఈడీ ఉంటే పరీక్ష అబద్ధం చెబుతుంది.

రాత్రిపూట వెలిగించి చూడండి. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి దీపాన్ని తీయండి. వెలుగు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే, కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తేగల మినుకు ఉందన్నమాట. చదువుకునే చోట అలాంటిది వద్దు. రెండు గంటలు వెలిగించి వాసన, గుయ్‌మనే శబ్దం ఉన్నాయేమో చూడండి.

6. బిగించడం

జీయూ10ను నొక్కి, పావు వంతు తిప్పితే ఊడుతుంది. వేళ్లు జారుతుంటే బల్బు ముఖానికి ఒక టేపు ముక్క అంటించి దాన్ని పట్టుకుని తిప్పండి. కొత్తది దూర్చి, టక్కుమని ఆగేదాకా తిప్పండి.

జీయూ5.3ను నిటారుగా లాగాలి, ఊపితే హోల్డర్ పింగాణీ పగులుతుంది. కొత్తది ఆనేదాకా నొక్కండి.

చట్రం పైన గ్లాస్‌వూల్ లాంటి ఇన్సులేషన్ పరిచి ఉంటే అది దీపం వెనక భాగాన్ని కప్పకుండా జరపండి. పైన నిప్పు పాకకుండా పెట్టిన టోపీలాంటి మూత ఉంటే దాన్ని పారేయకండి, అది అక్కడ ఉండాల్సిందే.

7. డిమ్మర్ ఉన్న గది

పాత డిమ్మర్లకూ కనిష్ఠ లోడు ఉంటుంది, సాధారణంగా 40 లేదా 60 వాట్లు. ఎనిమిది ఎల్‌ఈడీలు కలిపినా అంత రాకపోవచ్చు. పైగా అవి కరెంటు తరంగపు ముందు అంచును కత్తిరించే రకం, హాలోజన్‌కు అది బాగానే పడింది. ఎల్‌ఈడీకి వెనక అంచును కత్తిరించే డిమ్మర్ మేలు. శబ్దం తక్కువ, వెలుగు కిందిదాకా సాఫీగా తగ్గుతుంది.

పాత డిమ్మర్ మీద 400 వాట్లు అని ఉందని 400 వాట్ల ఎల్‌ఈడీలు వేయకూడదు. ఎల్‌ఈడీలు వెలిగిన క్షణంలో చాలా ఎక్కువ కరెంటు గుంజుతాయి. తయారీదారు ఎల్‌ఈడీకి విడిగా పరిమితి ఇవ్వకపోతే అందులో పదో వంతు అనుకోండి.

చాలా కొత్త డిమ్మర్లలో కనిష్ఠ వెలుగును సరిచేసే చిన్న మర ఉంటుంది. వెలుగు బాగా తగ్గించి, మినుకు మొదలయ్యే చోటుకు కాస్త పైన ఆపి బిగించండి. డిమ్మర్ మార్చడం ఇష్టం లేకపోతే దాన్ని తీసి మామూలు స్విచ్చు పెట్టించండి. డిమ్ కాని ఎల్‌ఈడీని డిమ్మర్ మీద పూర్తి వెలుగులో వాడుకుంటే ఏమవుతుందని అడుగుతారు. త్వరగా పోతుంది, అరుదుగా వేడెక్కి పొగ కూడా రావచ్చు. వద్దు.

8. ఆర్7ఎస్ ఫ్లడ్‌లైట్లు

వీటికి నా సలహా ఒకటే: కడ్డీ మార్చకండి, దీపం మొత్తం మార్చండి. 500 వాట్ల కడ్డీ ఇచ్చే 9,000కు పైగా ల్యూమెన్లను అంతే పొడవున్న ఎల్‌ఈడీ ఇవ్వలేదు. ఇవ్వబోతే, గాలి ఆడని ఆ పెట్టెలో ఉడికిపోతుంది. 80-100 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ ఐపీ65ది కొనండి. పాత కడ్డీ తీసేటప్పుడు మాత్రం ఎంసీబీ తప్పకుండా దించాలి, కరెంటు ఉంటే ఊడిన చివరలోనూ షాక్ కొడుతుంది.

9. మార్చకూడని చోట్లు

ఒవెన్ లోపలి దీపం అలాగే ఉంచండి, ఆ వేడికి మామూలు ఎల్‌ఈడీ కరిగిపోతుంది. కోడిపిల్లలకు, వడ్డించిన ఆహారానికి వెచ్చదనం ఇచ్చే దీపాలు కూడా అంతే, అక్కడ వేడే పని. వాహనాల హెడ్‌లైట్లు వేరే కథ. వాటి అద్దం హాలోజన్ తీగ ఉండే చోటుకు కొలిచి చేసినది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు.

10. తేడా వస్తే

*ఆర్పినా సన్నగా వెలుగుతోంది.* స్విచ్చులో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా వచ్చే కరెంటే చాలు. ఆ ఇండికేటర్ లేని స్విచ్చు పెట్టించండి. ఇండికేటర్ లేకపోతే స్విచ్చు న్యూట్రల్ మీద ఉందేమో చూపించండి, అది భద్రతకు సంబంధించిన లోపం. రెండూ కాకపోతే పొడవాటి వైర్లు పక్కపక్కన పోతున్నాయన్నమాట. దీపం దగ్గర బైపాస్ కెపాసిటర్ పెడితే పోతుంది.

*వెలగడానికి ఒకటి రెండు క్షణాలు పడుతోంది.* కొన్ని డ్రైవర్ల స్వభావం అది. ఆ ఆలస్యం రోజురోజుకూ పెరుగుతుంటే మూడో అంకెకు తిరిగి వెళ్లండి.

*వేయగానే ఎంసీబీ పడుతోంది.* ఒకే స్విచ్చు మీద చాలా డ్రైవర్లు ఒకేసారి కరెంటు గుంజుతున్నాయి. రెండు స్విచ్చులుగా విడదీయించండి. ఆ పని అయ్యాకా పడుతుంటే వైరు తొడుగు ఎక్కడో పోయి ఉంటుంది, పరీక్ష చేయించండి.

*సెన్సర్ దీపం ఆగకుండా వెలిగి ఆరుతోంది.* రెండు వైర్ల సెన్సర్‌కు లోడు చాలడం లేదు. న్యూట్రల్ వైరు కూడా తీసుకునే మూడు వైర్ల రకం పెట్టించండి.

*రేడియో గరగరలాడుతోంది.* నాసిరకం డ్రైవర్. వేరే కంపెనీది పెట్టి చూడండి.

11. ఆదా ఎంతో మీరే లెక్కకట్టండి

వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు. ఎనిమిది 50 వాట్ల హాలోజన్లు రోజుకు ఐదు గంటలు వెలిగితే రోజుకు 2 యూనిట్లు, ఏడాదికి 730. వాటి చోట 6 వాట్ల ఎల్‌ఈడీలైతే ఏడాదికి సుమారు 88. మిగిలేది 640కి పైగా. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించుకోండి.

గది ఏసీలో ఉంటే ఇంకొంత కలుస్తుంది. ఆ 400 వాట్లూ చివరికి గదిలో వేడే, ఏసీ దాన్ని బయటికి తోయాలి. 352 వాట్ల వేడి తగ్గితే మామూలు ఏసీ మీద 100 వాట్లకు పైగా భారం తగ్గుతుంది.

ఏ గది ముందు అన్నదీ ఈ లెక్కే చెబుతుంది. సామాన్ల గదిలో రోజుకు రెండు నిమిషాలు వెలిగే హాలోజన్‌ను అది కాలిపోయేదాకా ఉంచినా నష్టం లేదు. దాని కింద గుడ్డలూ కాగితాలూ అట్టపెట్టెలూ లేకుంటే చాలు. చట్రం మీద దీపం బొమ్మ పక్కన 0.5 మీటర్లు అని ఉంటే, కాలే వస్తువు ఏదైనా అంత దూరం ఉండాలని అర్థం.

12. ఆఖర్న చేయాల్సినవి

☐ డ్రైవర్ మార్చిన ప్రతి చట్రం లోపల "ఎల్‌ఈడీ మాత్రమే" అని వాట్లతో సహా రాసి అంటించండి. 22 వాట్ల డ్రైవర్ మీద రేపెవరో తెలియక 50 వాట్ల హాలోజన్ పెడితే ఆ డ్రైవర్ మాడుతుంది
☐ వారం తర్వాత నిచ్చెన ఎక్కి హోల్డర్ల రంగు ఒకసారి చూడండి
☐ బల్బుల పెట్టెలు, రసీదు, కొన్న తేదీ ఒకచోట ఉంచండి, వారంటీకి అడుగుతారు
☐ పాత హాలోజన్లలో పాదరసం లేదు. అట్టలో చుట్టి మామూలు చెత్తలో వేయవచ్చు, సీసాల గాజులో మాత్రం కలపకండి
☐ విప్పిన ట్రాన్స్‌ఫార్మర్లు, పోయిన ఎల్‌ఈడీలు ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇవ్వండి